సూది గుర్తు

అజ్జరంలో మా కొలిమి పక్కన తూకం నాదే.
పగిలిన గంగాళాలు, కాళ్ళూడిన సెమ్మెలు,
పంపుసెట్టు బుష్షులు, మూతపోయిన మరచెంబులు
అన్నీ ఒక గోనె మీద పోస్తాను.
ఎక్కడ అతికారో, ఎక్కడ సీసం నింపి బరువు పెంచారో
కంటికంటే ముందు చెయ్యి చెబుతుంది.

ఏడాదికొకసారి, దాళ్వా కోతలైపోయాక,
ఆకివీడు నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు తిరపతిరాజు గారు.
చేపల చెరువుల మీద నీటికాకులు వాలకుండా
గాల్లోకి పేల్చే పన్నెండు బోరు తుపాకీ ఆయనది.
లైసెన్సు పుస్తకం అడక్కుండానే చూపించేవారు.
పాత సామానులో ఇత్తడి తూటా గొట్టాలు తగిలితే
ఆయన కోసం డాల్డా డబ్బాలో దాచేదాన్ని.
కొలిమి ధర కంటే రూపాయి ఎక్కువిచ్చేవారు,
ఆ రూపాయికి గంటసేపు కూర్చునేవారు.

ముందు మూతి చూసేవారు.
గోరు అంచు చుట్టూ తిప్పి, వెంట్రుకంత చీలిక తగిలినా
మాట్లాడకుండా ఎడమవైపు పెట్టేవారు.
కొబ్బరీనె కొస వంచి లోపలికి దించి
అడుగు దగ్గర గీరేవారు, కళ్ళు మూసుకుని,
చెవిలో గులివి తీసుకుంటున్నట్టు.
అక్కడ సన్నటి గాడి తగిలిందంటే
ఇవాళ కాకపోతే రేపు రెండు ముక్కలవుతుందట.
తర్వాత క్యాపు గూడు. వదులైతే పనికిరాదు.
చివరికి గచ్చు మీద పడేసేవారు, జానెడెత్తు నుంచి.
మంచిది గిన్నెలా మోగేది,
చీలింది దగ్గేది.
"ఇత్తడి కూడా అలిసిపోద్దమ్మా,
ఎన్నిసార్లు పేలిందో మర్చిపోదు."
చింతపండు పెట్టి తోమినవాటిని మాత్రం నమ్మేవారు కాదు:
"మొహం కడిగి పెళ్ళిచూపులకి కూచోబెట్టారు దీన్ని.
మసే నయం, నిజం చెబుద్ది."

అవే గొట్టాల్ని నేనూ చూసేదాన్ని, వేరే చూపుతో.
మూసలో వేసేముందు ప్రతిదాని అడుగూ తిరగేసి
నడిమధ్య సూది దిగిన గుంట ఉందా లేదా అని.
గుంట లేని ఒక్కటి
మా నాన్న వీరభద్రాచారి కుడికన్ను తీసుకుపోయింది
నాకు తొమ్మిదేళ్ళప్పుడు.
ఆయనకి కావలసింది ఇంకా బతికున్నది.
నాకు కావలసింది పూర్తిగా చచ్చింది.
ఒకే గోనెకి అటూ ఇటూ కూర్చుని
ఇద్దరం ఏరుకునేవాళ్ళం.

మొన్నటి ఎలక్షన్లకి తుపాకీ స్టేషన్లో పెట్టమన్నారు.
పెట్టారు. రసీదు తీసుకున్నారు.
ఓట్ల లెక్కింపయింది, జెండాలు దించారు,
లైసెన్సు మాత్రం మళ్ళీ రాలేదు.
వయసు డెబ్బై తొమ్మిది, చెయ్యి వణుకు.
డాక్టరు రాసిన ఆ రెండు ముక్కలూ జేబులోంచి తీసి
నాకు చదివి వినిపించారు, అదీ లైసెన్సే అన్నట్టు.

ఈసారి కొనడానికి రాలేదు.
ఎరువుల సంచి బోర్లించారు గోనె మీద.
నలభై ఒకటి. కొన్ని నేనిచ్చినవే.
అలవాటుకొద్దీ ఒకటి తీసి గోరు తిప్పారు,
తిప్పి, ఎటు పెట్టాలో తోచక
మధ్యలోనే పెట్టారు.
"ఇప్పుడన్నీ ఒకటేగా," అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

అడుగులు తిరగేశాను. గుంట, గుంట, గుంట.
ముప్పై ఏడోది నున్నగా ఉంది.
మూతికి అట్టముక్క, దాని మీద మైనం,
మైనంలో ఎవరిదో బొటనవేలి ముద్ర, చిన్నది, ఆయనది కాదు.
"ఇది పేలలేదండీ."
"ఆయ్, తెలుసు."
"నీళ్ళ బకెట్లో వేస్తాను, ఇలా ఇవ్వండి."
"లోపలున్నది మందు కాదమ్మా."

తూకంలోంచి దాన్ని తీసేశాను.
కిలో నాలుగొందల అరవై లెక్కన
మిగతా నలభైకి చీటీ రాశాను.
ఏముందో ఆయన చెప్పలేదు,
నేను ఊపి చూడలేదు.

బస్సు కాలవ వంతెన దిగేదాకా కిటికీలో కనిపించారు,
చెయ్యి చొక్కాజేబు మీద పెట్టుకుని,
చిల్లర పడిపోకుండా పట్టుకున్నట్టు.