ఐదున్నర అంగుళాలు

ఔలు ఊళ్లో, తారు పీపాల వాసన మధ్య
నేను సున్నం కలిపే కుర్రాణ్ణి ఆ ఏడు.
మంచు పగలగొట్టి ఉతికే ఆడవాళ్లకి
ఏటి గట్టున ఇటుకల చాకిరిల్లు కడుతున్నాం.
పటం మీద "ఎ. స్టెన్‌రూస్" అని, అంతే.
మేస్త్రీ తావెట్టి మీసం దువ్వుకుని
దొరగారి కోసం బండికి ఎదురెళ్లాడు.
దిగింది ఆల్మా.
బురద అంటకుండా గౌను అంచుకి
బట్టలారేసే కొయ్య క్లిప్పులు నాలుగు.

"మెట్టు ఏడంగుళాలు. తాతల నాటి లెక్క."
"ఐదున్నర" అందామె.
"ఉతికేవాళ్లకి రాణీవాసం మెట్లెందుకమ్మా?"
మాట్లాడలేదు.
ఎవరిదో తడి దుప్పట్ల బుట్ట తెప్పించి
అతని చంకకెత్తి
మా పాత మెట్ల దారి చూపించింది.

తొమ్మిదో మెట్టు మీద తావెట్టి ఆగాడు.
దుప్పట్లలోంచి నీళ్లు అతని బూటులోకి.
నేను నవ్వు మింగి, సున్నం తొట్టెలోకి తల దించాను.

మర్నాడు ఎవరితోనూ ఏమీ అనకుండా
కొలబద్ద మీద ఐదున్నర దగ్గర
మేకుతో గీత గీశాడు.

గుమ్మం పైన రాతి పలకలో
మేయరు పేరుంది, ఇటుకల షావుకారు పేరుంది.
ఆమె పేరుకి రాయి చాల్లేదట.
ఆ సాయంత్రం ఆమె
చేతి సంచీ మోకాళ్ల మీద పెట్టుకుని
చివరి మెట్టు మీద ఒంటరిగా కూచుంది కాసేపు.
ఏడ్చిందో, లెక్క చూసుకుందో తెలీదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి.
ఈ ఊళ్లో నా మోకాలు తిట్టుకోని మెట్లు
అవొక్కటే.
నిన్న నన్ను దాటుకుంటూ ఒక పిల్ల,
కడుపులో బిడ్డ, చంకలో తడి బుట్ట,
ఏదో కూనిరాగం తీస్తూ ఎక్కిపోయింది.
పాటకి సరిపడా ఊపిరి
మిగిలిందన్నమాట.