ఓదెలుకు, మంగళారం పోయే ముందు

ఓదెలూ,
నువ్వు ఏడుస్తున్నవని నాకెవ్వలు చెప్పలే.
రాత్రి రెండింటికి బాత్‌రూంల నల్లా ఇప్పుతున్నవు,
బకీటు నిండితె చప్పుడు మారుతది గద,
నిండినంక గూడ బంద్ చేస్తలేవు.
పోయిన ఎండకాలం నేను గూడ గట్లనే చేసిన.

గందుకే చెప్తున్న, ఇను.
సొహార్ల టైర్ల దుకాణం మీది అంతస్తు.
లిఫ్టున్నది గని మెట్లెక్కు.
మెట్లెక్కినోడు ఎందుకు రొప్పుతున్నడో
ఎవ్వలకు చెప్పనక్కర లేదు.

మొదటి దినం ఏం గాదు.
కాయితాలు నింపుతవు, బతాకా నంబరు అడుగుతరు.
"ఇంట్ల ఎవలకన్న ఇట్లున్నదా" అని ఒక గడి ఉంటది.
లేదని గీత కొట్టిన.
బయటికొచ్చినంక మా చిన్నాయిన యాదికొచ్చిండు,
మూడేండ్లు గోడ దిక్కు మొకం పెట్టి కూసున్నోడు.
గాలి సోకిందనుకున్నం అందరం.

ఆమె పేరు నుస్రత్, చాదర్‌ఘాట్ మనిషి.
ఏమైందని అడుగుతది, అడిగి ఊకుంటది.
గా ఊకుండుడే కష్టం.
కింద టైరుకు గాలి కొట్టే మిషిన్ ఇనబడ్తది.
నీ నాలుక నీకే ఇటుక లెక్కయితది.
ఐలయ్య పైనుంచి జారిన దినం గురించి
ఆమె తనంతల అడగది,
నువ్వు తీసిందాక ఆగుతది.

రెండో వారం అబద్ధం చెప్పిన.
నిద్ర మంచిగనే పడ్తుంది మేడం, అన్న.
రాసుకున్నది.
అబద్ధాన్ని గూడ రాసుకుంటరు ఓదెలూ,
నిన్ను పట్టుకునేటందుకు గాదు,
మర్లి వస్తె జాగ ఉండాలెనని.

మూడోసారి చెప్పిన.
బుగులు మేడం, అన్న.
డర్? కాదు.
ఘబ్రాహట్? దగ్గరిదాక వచ్చింది గని, కాదు.
డర్‌కు ఎదురుంగ కుక్క ఉండాలె.
బుగులుకు కుక్క అక్కర లేదు.
అందరు పండుకున్నంక ఎవలో పేరు పెట్టి పిలిచినట్టు,
కడుపుల ఎవలో లిఫ్టు తాడు కోసినట్టు.
ఆమె గదే మాట గట్లనే రాసుకున్నది,
ఉర్దూల, కుడి నుంచి ఎడమకు.
నా బుగులు ఉల్టా నడుసుడు
గప్పుడే మొదటిసారి చూసిన.

నువ్వు గూడ అడుగు, సిగ్గుపడకు.
నేను చెప్పింది కంపెనీకి పోతదా?
నేను మొదలు గిదే అడిగిన. పోదన్నది.
పాణం తీసుకునే తొవ్వల ఉన్నవంటె మాత్రం
నా ఒక్కదాని తాన దాచుకోనన్నది.
కోపమొస్తదనుకున్న. రాలే.
ఎవలో రెట్ట గట్టిగ పట్టుకున్నట్టయింది.

ఎన్నిసార్లు రావాలె, పైసలెవలు కడ్తరు,
నువ్వు సెలవు మీద పోతె నేనెవల ముందట కూసోవాలె,
నీతోని నాకు కుదరకపోతె ఎట్ల?
గిది గూడ అడుగొచ్చు, మొకం మాడ్చుకోది.
గోలీలు కావాలంటె ఇంకో డాక్టరు తానికి పంపుతది.
కుర్సీ మార్చుకుంటనని గూడ చెప్పొచ్చు,
నేను తలుపు కనబడే దిక్కు కూసున్న.
ఎన్నడు తక్కువైతదని ఒక్కటే నేనడగలే.
నువ్వడుగు. అడిగి నాకు చెప్పు.

ఇంకోటి, మర్సిపోయేటోన్ని.
నాలుగోసారి అయినంక ఎక్కువైతది,
తక్కువ గాదు.
కట్టు ఇప్పితె గాలి తాకి మండదా, గట్ల.
నేను గప్పుడే మానేసిన.
రెండు వారాలు మల్ల నల్లా, మల్ల బకీటు.
నువ్వు మానెయ్యకు.

మంగళారం నాకు పన్ను నొప్పి,
ఫోర్‌మన్‌కు ఇయ్యాల్నే చెప్పిపెట్టిన.
టైర్ల దుకాణం ముంగట కరక్ చాయ్ తాగుకుంట ఉంట.
నువ్వు దిగినంక ఏమడగ.
ఆకలైతుందా అని మాత్రం అడుగుత.