లొట్టి కట్టని చెట్టు

దల్మా దీవిల నా పని ఖర్జూరం చెట్లెక్కుడు.
నడుముకు బల్దియా ఇచ్చిన బెల్టు, చేతిల వంకర కత్తి,
మగపూత తెచ్చి ఆడపూతల దులుపుడు,
ఎండిన మట్టలు కోసుడు.

ఊర్ల పదిహేనేండ్లు ఈత గీసినోణ్ణి.
చెట్టు మెడకాడ ఎంత లోతు చెక్కితే
తెల్లారేసరికి లొట్టి ఎంత నిండుతదో
నా మణికట్టుకు ఎరుకే.
ఆ సంగతి కాంపుల అందరికీ ఎరుకే.

"గంగన్నా, ఒక్క చెట్టు. సముద్రం దిక్కున్నది,
ఎవ్వలు చూస్తరు?" అన్నడు భూమేశు.
ఈతకు పెద్దమ్మ బిడ్డే గద ఇది,
గీస్తే కారకపోదు.
గీయలే.
మంచోణ్ణని కాదు, దేశం ఎల్లగొడ్తరని భయం.

వాళ్లు వేరే తొవ్వ దొరికిచ్చుకున్నరు.
ఏసీ డబ్బా ఎనక నీలం క్యాను,
రాలిన పండ్లు, చక్కెర, మెస్సుల దొంగిలిచ్చిన ఈస్టు.
గాలి లేసిన వారం ఓడ రాదు,
ఓడ రాని వారం క్యాన్లు రెండు.
నేనూ తాగిన. చెప్పకుంటే అబద్ధమైతది.

అది సాలక
ఎవడో ఒడ్డు నుంచి పేరు లేని సీస తెచ్చిండు.
తెల్లారి రాజేశం మంచంల కూసోని
"లైటెందుకు బందువెట్టిన్రు?" అన్నడు.
లైటు ఎలుగుతనే ఉన్నది.

పగటీలి దాక ఓడ రాలే.
క్లినిక్కుల మలయాళీ సిస్టరమ్మ
వాని చెయ్యి ఇడువలే.
బతికిండు. ఒక కంటికి మసక మిగిలింది.
వాని పెట్టెకు తాడు మేమే కట్టినం.

ఒట్టు ఎవ్వలం పెట్టుకోలే.
మా ఒట్ల ఆయుష్షు గురువారం పొద్దుగూకేదాకనే.
సిస్టరమ్మే చెప్పింది:
"రోజూ తాగెటోళ్లు ఒక్కపాలి బందువెడ్తే ఒళ్లు తిరగబడ్తది.
మెల్లగ దించిన్రి. వణుకు పుడితే దాచకున్రి, నా కాడికి రాన్రి."
దించుడంటే మాకు చెట్టు దిగుడే ఎరుక,
కాలు కింద కాలు.
రెండు క్యాన్లు ఒకటైంది,
ఒకటి సగమైంది,
ఓడ రాని వారం మళ్ల రెండైంది,
మళ్ల మొదటికెళ్లి.

భూమేశు చేతులు వణికే రాత్రులు
జెట్టీ మీద గాలం ఏసినం.
చాప వడ్తే గుంజుడు వానితోనే గుంజిపిచ్చినం,
తాడు జారితే ఎవ్వలం నవ్వలే.
నీలం క్యాన్ల ఇప్పుడు ఎర్రలున్నయి.
మూత ఇంక కొద్దిగ పులిసిన వాసనే.

మొన్న మట్ట కోస్తుంటే
కత్తి జారి చెట్టు మెడకు తాకింది.
ఒక్క చుక్క ఊరింది.
వేలితోని తుడిచి నాలికెకు పెట్టుకున్న,
పచ్చి తీపి, ఇంక పులవలే.
ఎంత సేపు ఆగిన్నో.
కింద భూమేశు తల లేపి చూస్తుండు.
కారిందా అని అడుగలే.
"నిచ్చెన పట్టుకోవాల్నానే?" అన్నడు.