మూత

కాలువలు కట్టేసిన పదో రోజు
పెనుమంట్ర తూము కింద
నీళ్లు మడుగులు మడుగులుగా విడిపోయి ఉన్నాయి.
లుంగీ ఎగ్గట్టి దిగాను.
చేతిలో పిండి జల్లెడ,
సంచిలో పాత హార్లిక్స్ సీసాలు నాలుగు.
గట్టు మీద బాతుల్ని తోలుకొస్తూ పల్లాలమ్మ ఆగింది:
"ఏటండీ కాంపౌండరు గారూ, గేదెలైపోయి
నత్తలకి సూదులేత్తన్నారా?"

ఇంట్లో అద్దాల తొట్టి ఉందన్నాను.
గోడలకి పాచి పడుతోంది, చేపలు ముట్టవు,
నాలుగు నత్తలుంటే నాకి పెడతాయన్నాను.
బాతులన్నీ తలెత్తేలా నవ్విందామె.

ముప్పై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో
పేడ నీళ్లలో కలిపి గాజుపలక మీద పరిచి
జలగ గుడ్లు లెక్కపెట్టిన కళ్లు నావి.
నత్తంటే నాకు ముందు అనుమానం, తర్వాతే ముచ్చట.
ఒక్కోదాన్నీ కొన పైకి, నోరు నా వైపు
పెట్టి పట్టుకుంటాను.
నోరు కుడిపక్కనా, ఎడమపక్కనా?
మూత ఉందా, లేదా?

వేలు తగలగానే లోపలికి ముడుచుకుని
ఠపీమని తలుపేసుకున్నది పెద్దది, గుప్పెడంత.
గట్టు బొరియలో సగ్గుబియ్యం పోసినట్టున్న గుడ్లు దీనివే.
మొక్కలన్నీ మేసి పడుకునే రకం. వద్దు.

నా లుంగీకున్నట్టే
చుట్టూ నల్ల గీతలున్నది ఇంకోటి. మూత ఉంది.
ఇది గుడ్డు పెట్టదు,
పెంకుతో సహా పిల్లనే కంటుంది.
సీసాలో వేసి తల తిప్పేసరికి
గాజుకి పెసరగింజంత కొత్త ప్రాణం అతుక్కుని ఉంది.
వీటిని ఆరు ఏరాను.

బోల్టు మరలా సన్నగా మెలితిరిగినది
బురదలోంచి తవ్వితే గాని రాదు.
దీనికి మగతోడు అక్కర్లేదు,
ఒక్కటి చాలు, ఏడాదిలో ఇసుకంతా దానిదే.
తెలిసి తెలిసీ రెండు వేసుకున్నాను.

ఇక ఆ పలచటిది.
బెల్లప్పాకం రంగు. ఎండకి ఎత్తిపట్టుకుంటే
లోపల గుండె కొట్టుకోవడం కనబడుతుంది.
తొట్టికి ఇంతకన్నా నగ ఉండదు.
మూత లేదు.
దీని ఒంట్లో పెరిగి గడ్డిపోచ ఎక్కిన జలగలే
నూకరాజు చూడిగేదె కార్జం తినేశాయి.
దవడ కింద సంచిలా నీరు దిగిన ఆ మొహం
ఇప్పటికీ నా కళ్లలో ఉంది.
జల్లెడ బోర్లించాను. బాతులు పరిగెత్తుకొచ్చాయి.

చదునుగా, చిన్న జంతిక చుట్టలా ఉన్నదాన్ని
అటూ ఇటూ తిప్పుతూ నేను తేల్చుకోలేకపోతుంటే
పల్లాలమ్మే గట్టు దిగొచ్చింది.
చీర కాస్త ఎత్తి
పిక్కల మీద మచ్చలు చూపింది,
పాతవాటి మీద కొత్తవి,
సార్వావి కొన్ని, దాళ్వావి కొన్ని.
"జిలనత్తండి అది. ఇదున్న మడిలో ఊడ్సొత్తే
రాత్రంతా గోకుడే. మీ పుస్తకంలో ఏం రాసుంటాదో మరి."

పుస్తకంలో గేదెలకి గురకజబ్బు అని ఉంది.
పరీక్షకి బట్టీపట్టాను కూడా.
ఊడ్పుల మనిషి పిక్కల సంగతి
ఉందో లేదో గుర్తులేదు.
పశువు పళ్లు చూశాను, గిట్టలు చూశాను, తోక ఎత్తి చూశాను.
ముప్పై ఏళ్లలో ఏ ఒక్క ఆవిడనీ
కాళ్లు ఎలా ఉన్నాయని అడగలేదు.

ఆ రాత్రి నోటుబుక్కులో
జిలనత్త అని రాసి, పక్కన
పల్లాలమ్మ చెప్పింది అని రాసుకున్నాను.

తెచ్చినవాటిని తొట్టిలో కలపకుండా
నలభై రోజులు బకెట్లో ఉంచాను.
ఇరవయ్యో నాడు, నాచుపోగుకి అంటుకొచ్చిన
జిగురు చుక్కలోంచి కాబోలు,
బకెట్ అంచున ఒక పిల్ల. బెల్లప్పాకం రంగు.
గేదె మొహం చూడనిది, గడ్డి ఎరగనిది,
మా పెరట్లో పుట్టింది.
గోటితో నొక్కేద్దామని తీశాను.
టార్చి వెలుగులో
లోపల ఆ చిన్నది కొట్టుకుంటూనే ఉంది.

హార్లిక్స్ సీసాలో విడిగా వేశాను.
"దాన్నెందుకు పెంచడం?" అంది మా ఆవిడ.
ఇంకా తేల్చుకోలేదన్నాను.
సీసా మూత వదులుగా పెట్టాను.