సుంకపు గేటు

జావాలో, ఓపాక్ ఏటి వంతెన మొదట్లో
తాన్ గియోక్ లామ్ సుంకపు గేటు.
అరటిగెలకి రెండు దమ్మిడీలు,
వీపున కట్టుకున్న బిడ్డకి ఒకటి.

వాళ్ళ నాన్నే మా అమ్మకి
సోయాపాలు విరిచి జున్ను కట్టడం నేర్పాడు.
ఆ ముక్క మా పెనం మీద
ఇంకా వాళ్ళ మాటతోనే వేగుతుంది.

ఏటేటా డచ్చి దొర వరండాలో వేలంపాట.
పాటకి పైన పిండుకున్నదే
లామ్ ఇంటి కూడు.
దొర మా ముందు ఎన్నడూ చెయ్యి చాపలేదు.

నిన్న రాత్రి గేటు తగలబడింది.
తమ్ముడి చొక్కా రెండుసార్లు ఉతికాను, పొగ వదల్లేదు.

పొద్దున బూడిదలో లామ్ పెళ్ళాం
త్రాసు పళ్ళెం వెతుక్కుంటుంటే నేనూ వంగాను.
అవతల కొత్త వేలానికి అప్పుడే టముకు.
దొరికిన పళ్ళెం చేతికిస్తే
తుడుచుకుని, అలవాటుగా,
నా బుట్టలోకి చూసింది.