నీళ్ళొదిలిన బాకీలు

మూడో పేజీ, ఏడో గడి:
నష్టపోయిన సామగ్రి, కొన్న తేదీ, ధర, రసీదు.
రసీదులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేవి.
డబ్బా తాక్వరి నదిలో ఉంది.
నది ఈపాటికి ఏ ఊరు దాటిందో నాకు తెలీదు.

ఎక్స్‌రే మిషను రాశాను.
మత్తుమందు యంత్రం రాశాను.
టీకాల ఫ్రిజ్ మాత్రం దొరికింది,
ఫుట్‌బాల్ మైదానంలో, గోలుపోస్టుకి వీపు ఆన్చుకుని.
తలుపు తీస్తే పై అర దాకా బురద.
పోయినట్టు రాయాలా, దొరికినట్టు రాయాలా?

ఆ రాత్రి వార్డులో రెండు కుక్కలు, ఏడు పిల్లులు.
జందీర్ కింద, నేను పైన,
చీకట్లో ఒక్కొక్క బోనూ అటక మీదికి.
ఏడోది, కుట్లింకా ఆరని ముసలి పిల్లి,
చేతికందింది గానీ నిలవలేదు.
దానికి గడి లేదు.

బ్యాంకులో ఎవెర్తన్.
చిన్నప్పుడు వాళ్ళ తాబేలుకి చీలిన పెంకు అతికించాను.
ఇప్పుడు బల్లకి అవతల కూర్చుని నీళ్ళు నములుతున్నాడు.
"డాక్టర్ లియోకాదియా, అత్యవసర రుణం ఉంది, వడ్డీ తక్కువే,
కాకపోతే మీకు ఆదాయం ఉండేదని
ఏదైనా కాగితం..."
ఇరవై రెండేళ్ళు భుజం దాకా ఆవుల కడుపుల్లో ఉన్న చెయ్యి
బల్ల మీద పెట్టాను.
పాపం, దాన్ని చూసి ఇంకాసేపు నమిలాడు.

పశువైద్యుల సంఘం నిధికి రాస్తే
రెండు వందల పద్నాలుగో దరఖాస్తు మీది అని జవాబు, మర్యాదగానే.
మునిసిపాలిటీలో రైతుల వరుసకి పొమ్మన్నారు.
రైతుల వరుసలో దుకాణాల వరుసకి పొమ్మన్నారు.
దుకాణాల వరుస చివరికి చేరితే
మీది ఆసుపత్రి కదమ్మా, అన్నారు.

ఇంటికొచ్చి జందీర్‌తో అన్నాను:
బాకీల పుస్తకమైనా మిగలలేదు.
నీలం అట్టది. పొగాకు అమ్మాక ఇస్తామన్నవాళ్ళు,
పంది ఈనాక ఇస్తామన్నవాళ్ళు.
సగానికి నేనే ఎప్పుడో నీళ్ళొదులుకున్నాను.
మిగతా సగానికి నది వదిలింది.
జందీర్ నవ్వలేదు. సైకిలెక్కి ఎటో పోయాడు.

మర్నాడు పొద్దున్నే అర్లిందో జనోత్తో,
చేతిలో దాణా సంచి చింపిన ముక్క:
"జెర్సీ ఆవు. అడ్డం తిరిగిన దూడ. రాత్రి రెండింటికి వచ్చావు.
మూడొందల ఎనభై రెయాళ్ళు బాకీ ఉన్నాను."
కింద సంతకం.
ఇప్పుడియ్యలేను, ఆవు కూడా పోయింది, అన్నాడు,
ఉన్నానని రాసివ్వగలను.

తర్వాత ఓతీలియా అవ్వ:
చిలక గోళ్ళు కత్తిరించినందుకు మూడుసార్లు,
పదిహేను, పదిహేను, ఒకసారి ఊరికే.
ఊరికే చేసిందీ రాయి, బ్యాంకుకి అబద్ధం చెప్పకూడదు.
తర్వాత పాస్టరు గారు, గొంతు తగ్గించి:
నులిపురుగుల మందు డబ్బు ఇచ్చేశానన్నాను కదా,
ఇవ్వలేదు.

అందరికంటే ఎక్కువ బాకీ వల్మోర్‌ది, ఎనిమిది వందల పందులు.
ఎత్తుమీద అతని షెడ్లు పొడిగానే ఉన్నాయి.
అతను రాలేదు.
నేనెరగని ఒకాయన మాత్రం వచ్చి
యాభై అని రాసిచ్చి వెళ్ళిపోయాడు.
ఆయనకి పశువులే లేవట, జందీర్ చెప్పాడు.
ఆ చీటీ ఫైల్లో పెట్టలేదు. పర్సులో ఉంది.

అరవై మూడు చీటీలు.
తడిసినవాటిని జందీర్ ఇస్త్రీ చేశాడు.
ఎవెర్తన్ రెండుసార్లు లెక్కపెట్టి,
తాబేలు ఇంకా బతికే ఉంది డాక్టర్, అన్నాడు.

అడిగినదాంట్లో సగానికి తక్కువ ఇచ్చారు,
అదీ మూడు వాయిదాల్లో.
మొదటిది ఫ్రిజ్‌కి సరిపోయింది.

ఇవాళ కారు షెడ్డులో,
టార్చిలైటు పళ్ళమధ్య పట్టుకుని
ఒక మేక కాలికి కట్టు కట్టాను.
తర్వాత ఇస్తానంది ఆ అమ్మాయి.
బడిపిల్లల నోటుపుస్తకం తెరిచి పేరు రాసుకుని
జందీర్‌కిచ్చాను.
అటక మీద పెట్టు.