ఉప్పెక్కువైన పదకొండేండ్లు

సొహార్ పోర్టు క్యాంపుల నేను వంటోణ్ని.
రెండువందల నలభై ప్లేట్లు, రెండు పూటలు.
తెల్లారంగ ఐదింటికి బస్సులు కదిలినంక
నీళ్ల ట్యాంకు ఎనుక నిలవడి
ఒక్కటి ముట్టిస్తే
అదే నా చాయ్, అదే నా జుమ్మా సెలవు.

మానిపిచ్చింది దేవుడు గాదు, గంగామణి ఒట్టు గాదు.
పతాక మళ్ల చేయిద్దామని పోతే
ఎక్సురే తీసే పిల్ల "గాలి పీల్చి ఆపు" అన్నది.
పీల్చిన. ఆపలేకపోయిన.
మూడుసార్లు దగ్గుకు బొమ్మ చెదిరింది.
నాలుగోసారి ఆమె నా వీపు మీద చెయ్యి వెట్టి
"చాచా, పది అంకెలే" అన్నది.
యాభై కిలోల బియ్యం బస్తా లేపెటోణ్ని,
పది అంకెల గాలి మొయ్యలేకపోయిన.

వాపసు బస్సుల పాకెట్టు తీసి
షఫీకుల్ ఒళ్లె వడేసిన.
"పిచ్చి లేసిందా" అన్నడు, జేబుల వెట్టుకున్నడు.

మొదటి వారం చేతులకు పని తెల్వలే.
ఉల్లిగడ్డ కోస్తుంటె వేళ్లు జేబు దిక్కు పోతయి.
లవంగం బుగ్గల వెట్టుకొని
అందర్ని తిట్టిన, కుక్కర్ను గూడ తిట్టిన.
తొమ్మిదో నాడు రాత్రి రెండింటికి లేచి
ఇసుక బకీట్ల ఎవరో ఆర్పిన తుంట ఏరిన.
వంటింటి లైటర్ నొక్కితే టక్కుటక్కుమన్నది, నిప్పు రాలే.
దాన్ని మార్చుమని ఏడాది సంది
సూపర్వైజర్‌తోని కొట్లాడుతున్న.
ఆ రాత్రి మొదటిసారి ఆయనకు దండం వెట్టిన.

ముందుగాల వచ్చింది ముక్కు.
లాభం అనుకున్నరా?
ఎనిమిది మంది సాక్సులు,
బాత్రూం కాడి మోరి,
నా లుంగీల పదకొండేండ్ల పాత పొగ,
అన్ని ఒక్కసారె తలుపు తోసుకొని వచ్చినయి.
రెండు రాత్రులు ముక్కుకు తువ్వాల కట్టుకొని పన్న.
మూడో నాడు తెల్లారంగ
గాలి అటు తిరిగింది:
తడిసిన తాడు, చేపపొలుసు, ఎవరో కోసిన నిమ్మకాయ.
సముద్రం గింత దగ్గరుందని
నాకెవ్వరు చెప్పలే.

తర్వాత నాలుక.
ముప్పై ఒకటో రోజు పప్పుచారు అరచేతుల వోసుకొని
నాకి చూసిన. థూ! ఉప్పు కషాయం.
మళ్ల చూసిన. కూర గూడ గంతే.
చెయ్యి తప్పిందా అని డబ్బా చూసుకున్న,
రోజు వేసే గ్లాసే, రోజు వేసే కొలతే.

పోశెట్టిని పట్టుకొని అడిగిన:
"ఇన్నేండ్లు గిదే తిన్నరా? ఒక్కడన్న నోరు తెరువలేదేందిర?"
స్కాఫోల్డింగ్ మురికి చేతులు కడుక్కుంట అన్నడు:
"ఎండకు ఒంట్లె ఉప్పంత కారిపోతది గద లింబాద్రన్నా,
కావాల్నని ఏస్తున్నవనుకున్నం.
మా పానం నీకు ఎర్కనుకున్నం."

ఏం అన్లే.
పొయ్యి కాడికి పోయి మంట తగ్గిచ్చిన,
మళ్ల పెంచిన.

గంగామణి ఫోన్ల అంటది:
"హలో... హలో... కట్టయిందా?"
లేదే, ఉన్న.
"మరి దగ్గుతలేవు!"
మాటకు మాటకు నడుమ నా దగ్గు విని విని
అది లేకుంటె లైనే పోయిందనుకుంటది.

రోజుకు అర రియాలు
యాలకుల డబ్బాల వేస్తున్న. ఇంకా ఏం కొనలే.
అప్పుడప్పుడు మూత తీసి ఉత్తగ వాసన చూస్త.

ట్యాంకెనుకకు ఇప్పటికి పోత, చాయ్ గ్లాసుతోని.
షఫీకుల్ పొగ ఇడుస్తడు.
నా ముక్కు కుక్కపిల్ల లెక్క దానెంట నాలుగడుగులు పోతది,
పిలిస్తె వస్తది.
కొన్నిసార్లు ఆలస్యంగ.

నిన్న ఉప్పు సగం జేసిన.
మెస్సంత ఒకటే లొల్లి,
"సప్పగున్నది, లింబాద్రికి జరమొచ్చిందా?"
ఇయ్యాల ముప్పావు గ్లాసు వేసిన.
బయట ఎండలు ముదురుతున్నయి.
రుచి చూసిన. గాలి పీల్చి
పది అంకెలు ఆపిన.
ఇంకొక చిటికెడు
ఎర్కతోని ఏసిన.